ఎనభై అంగల పందెం

పోయిన నెల మా ఆఫీసువాళ్ళు 'టీమ్ బిల్డింగ్' అని చెప్పి నలభై మందిమి ఉన్న మా గుంపునంతా ఊరవతల ఒక రిసార్టుకి తోలారు. చెంచాలో నిమ్మకాయ పెట్టి పరిగెత్తించారు. గోనెసంచుల్లో దూకించారు. ఆఖర్న కళ్ళు మూసుకుని వెనక్కి పడిపొమ్మన్నారు, వెనకాల పక్క టీమువాళ్ళు పట్టుకుంటారట. పక్క టీమంటే టెస్టింగువాళ్ళు. నా కోడులో బగ్గులన్నీ పట్టుకునేవాళ్ళు నన్ను మాత్రం ఎందుకు పట్టుకోరులే అని ధైర్యం చేసి పడ్డాను. పట్టుకున్నారు లెండి.

సాయంత్రం బస్సులో తిరిగొస్తుంటే మా మేనేజరు "ఇలాంటి ఆటల వల్ల నిజంగా మనుషులు దగ్గరవుతారంటావా?" అని అడిగాడు. ఏమో అన్నాను. పైకి అలా అన్నాను గానీ నాకు 2012లో చేసిన ఓడ ప్రయాణం గుర్తొచ్చింది. దాని గురించి ఎప్పట్నించో రాద్దామనుకుంటూ బద్ధకిస్తున్నాను. ఇవాళ ఆదివారం, కరెంటుంది, మా ఆవిడ పుట్టింటికెళ్ళింది. ఇంతకన్నా మంచి ముహూర్తం దొరకదు.

మాది ముక్తేశ్వరం. కోనసీమలో, అయినవిల్లి పక్కన. గౌతమి ఒడ్డున రేవుంది, అవతల కోటిపల్లి. మనుషులూ మోటారుసైకిళ్ళూ కలిపి పంటు మీద దాటుతారు. యానాం-ఎదుర్లంక వారధి 2002లో వచ్చాక కార్లవాళ్ళు చాలామంది అటు తిరిగెళ్తున్నారు గానీ, మావాళ్ళకి గోదావరి దాటడమంటే ఇప్పటికీ రేవులో దాటడమే.

మా నాన్నా, మా బాబాయీ 2001 నుంచి మాట్లాడుకోలేదు. కారణం నాలుగు కొబ్బరిచెట్లు. నాలుగంటే నాలుగే. తాతయ్య పోయాక లంకలో ఉన్న తోట ఇద్దరూ పంచుకున్నారు. మధ్యలో సరిహద్దు రాయి ఎక్కడుండాలన్న దగ్గర తేడా వచ్చింది. ఆ వరసలో నాలుగు చెట్లు. 'నాన్న నాకు స్వయంగా చూపించాడు' అని మా నాన్న, 'నాకూ చూపించాడు' అని బాబాయి. ఆ నాలుగు చెట్ల మీద పదకొండేళ్ళలో వచ్చిన కాయలన్నీ అమ్మినా, సర్వేయర్లకీ పెద్దమనుషులకీ అయిన కాఫీ ఖర్చు రాదు. ఇళ్ళు ఎదురెదురే. "మీ బాబాయితో చెప్పు, మోటారు నాదగ్గరుందని" అని నాన్న గుమ్మంలో నిలబడి నాతో అంటే, ఆయన తన గుమ్మంలోంచే విని, "మీ నాన్నతో చెప్పు, సాయంత్రం పట్టుకెళ్తానని" అనేవాడు. నెట్‌వర్క్ భాషలో చెప్పాలంటే నేను ప్రాక్సీ సర్వర్ని :)

2012 ఫిబ్రవరిలో మా పెద్దత్త మనవరాలి పెళ్ళి వచ్చింది, పోర్ట్‌బ్లెయిర్‌లో. (2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు, అప్పటికి పోర్ట్‌బ్లెయిరే.) పెద్దత్త కొడుకు ఎప్పుడో అక్కడ కొట్టు పెట్టుకుని స్థిరపడిపోయాడు. అక్కడ మనవాళ్ళు బోలెడుమంది, ముఖ్యంగా శ్రీకాకుళం వైపు వాళ్ళు. విమానంలో వెళ్దామంటే నాన్న ఒప్పుకోలేదు. ఆయనకి విమానమంటే భయం లేదు, విమానం టిక్కెట్టంటే భయం. విశాఖపట్నం నుంచి ఓడ ఇంచుమించు నెలకొకటే. ఇంకేముంది, అన్నదమ్ములిద్దరూ వేరేవేరేగా టిక్కెట్లు కొనుక్కుని అదే ఓడెక్కారు. ఇద్దరూ బంక్ క్లాసే. ఇద్దరూ చెరో గోతాం కొబ్బరికాయలు తెచ్చారు, పెళ్ళికని. అండమాన్‌కి కొబ్బరికాయలు! ఆ ద్వీపాలనిండా కొబ్బరితోటలే అని ఇద్దరికీ తెలుసు. 'మన కాయ వేరు' అని ఇద్దరూ ఒకే మాట అన్నారు, విడివిడిగా, నాతోనే.

ఓడ డాల్ఫిన్ నోస్ కొండ పక్కనుంచి బయటికొచ్చేదాకా అందరూ రెయిలింగు పట్టుకుని ఫొటోలు. కొండ మాయమయ్యాక మొదలవుతుంది అసలు సంగతి. ఏమీ ఉండదు. ఫోన్‌లో సిగ్నలుండదు, కిటికీలోంచి చూడ్డానికి ఊళ్ళుండవు, స్టేషన్లుండవు, సమోసాలవాడు రాడు. విశాఖ నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కి సుమారు 650 నాటికల్ మైళ్ళు, అంటే 1200 కిలోమీటర్లు. సైకిలు కన్నా కాస్త నయమైన వేగంతో రెండున్నర రోజులు. మొదటి రాత్రి సగంమంది వాంతులు. మా పిన్ని ఊరమిరపకాయ బుగ్గన పెట్టుకుని పడుకుంది, ఉసిరికాయ కన్నా అదే మేలట. నేను రెండూ ప్రయత్నించాను. రెండూ బయటికొచ్చాయి.

రెండోరోజు పొద్దుటికి ఒళ్ళు కుదుటపడి డెక్కు మీదకొస్తే, అక్కడ ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు దొరికారు. టెక్కలి వైపు నుంచి పోర్ట్‌బ్లెయిర్ వెళ్ళి స్థిరపడినాయన. ఏడాదికి రెండుసార్లయినా ఈ ఓడెక్కుతారట. ఏమీ తోచని మనుషుల్ని పోగేసి పందాలు పెట్టడం ఆయన అలవాటు. డబ్బు పందాలు కాదు. ఓడిపోయినవాళ్ళు టీ ఇప్పించాలి, అంతే. మొదటి పందెం, రేపు సూర్యుడు ఎన్నింటికి పొడుస్తాడు? ఆవేళ 6 గంటల 12 నిముషాలకి చూశాం. ఊళ్ళో ఉన్నట్టే రేపూ అదే టైమంటే ఓడిపోయినట్టే. ఓడ తూర్పుకి పోతోంది, గడియారం మాత్రం ఇండియా టైమే. ఒక్కో డిగ్రీకి నాలుగు నిముషాలు ముందుకొస్తాడు సూర్యుడు. నేను గొప్పగా లెక్కేసి 5:56 అన్నాను. 5:55 అయింది. ఆ ఒక్కటే నేను గెలిచింది, అందుకని ముందే చెప్పేస్తున్నాను.

ఇలాంటి పందాలు ఓడంత పాతవి. తెల్లవాళ్ళ పెద్ద ఓడల్లో ఈ మధ్యాహ్నం నుంచి రేపు మధ్యాహ్నం దాకా ఓడ ఎన్ని మైళ్ళు నడుస్తుందో చెప్పమని పాట పెట్టేవారు. రోల్డ్ డాల్ దాని మీద ఒక కథ రాశాడు. పందెం గెలవడం కోసం ఓడని ఆపాలని ఒకాయన ఏకంగా సముద్రంలోకే దూకుతాడు. తర్వాతేమైందో చెప్పను, చదువుకోండి. గాంధీగారు 1893లో మొదటిసారి దక్షిణాఫ్రికా వెళ్తున్నప్పుడు ఆ ఓడ కెప్టెనుకి చదరంగం పిచ్చి. కానీ కొత్త. తనకన్నా కొత్తవాడైతేనే గెలవగలనని గాంధీగారిని కూర్చోబెట్టాడట. ఆత్మకథలో ఆయనే రాసుకున్నారు. మా ఆఫీసులో కేరమ్స్ ఆడటానికి పిలిచేవాళ్ళది కూడా ఇదే సూత్రం.

మాస్టారి రెండో పందెం అదే. ఈ మధ్యాహ్నం 12 నుంచి రేపు మధ్యాహ్నం 12 దాకా ఓడ ఎన్ని నాటికల్ మైళ్ళు? రేపు ఓడలో ఆఫీసరు గారిని అడిగి తేలుస్తారు. నేను జేబులోంచి ఫోన్ తీశాను. సిగ్నల్ లేకపోయినా జీపీఎస్ పనిచేస్తుంది కదా. అయిదు నిముషాలు చూసి, గుణించి, 280 అన్నాను. చుట్టూ ఉన్నవాళ్ళు నన్ను చూసిన చూపు చూడాలి, రాకెట్టు ప్రయోగించినవాణ్ణి చూసినట్టు చూశారు.

మా నాన్న నా ఫోన్ వంక చూసి "అదెందుకురా, బెండు వేస్తే సరిపోయేదానికి" అన్నాడు.

ఆయన ఇరిగేషన్‌లో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేశాడు. కాలవలో నీరు ఎంత వేగంగా పోతోందో చూడాలంటే ఒడ్డున దూరం కొలిచి రెండు గుర్తులు పెట్టి, పైన బెండు వేసి, రెండో గుర్తు దాటడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూస్తారు. ఇక్కడ నీరు ఆగుంది, మనం కదుల్తున్నాం, లెక్క అదే. నిజానికి పాతకాలపు నావికులు చేసిందీ అదే. చెక్కముక్కకి తాడు కట్టి నీళ్ళలో వేసేవారు. తాడుకి 47 అడుగుల 3 అంగుళాలకొకటి చొప్పున ముడులుంటాయి. 28 సెకన్ల ఇసుక గడియారం ఖాళీ అయ్యేలోపు ఎన్ని ముడులు జారితే అన్ని నాట్లు. ఓడ వేగాన్ని ఇప్పటికీ 'ముడుల్లో' చెబుతున్నారన్నమాట. ఇదంతా నేను ఇంటికొచ్చాక చదివింది. నాన్నకి అదేం తెలీదు, ఆయనకి కాలవ తెలుసు.

నాన్న రెయిలింగు పక్కన డెక్కు పొడవునా అంగలేసి కొలిచాడు. ఎనభై అంగలు. ఆయన అంగ 75 సెంటీమీటర్లు, సర్వీసంతా అదే కొలబద్ద. అరవై మీటర్లు తేలింది. కేంటీన్ వాళ్ళ దగ్గర ఎండు కొబ్బరి డొక్క ముక్కలు నాలుగైదు సంపాదించాడు. అంతా బాగానే ఉంది గానీ ఈ పద్ధతికి ఇద్దరు కావాలి. ముందువైపు ఒకడు డొక్క వెయ్యాలి, వెనకవైపు ఇంకొకడు అది తన ఎదురుగా దాటగానే చెయ్యెత్తాలి. నేను వెళ్ళి నిలబడ్డాను. మొదటి డొక్క నాకు కనపడనేలేదు. నురగలో కలిసిపోయింది. రెండోది కనపడింది గానీ చెయ్యెత్తడం ఆలస్యం చేశాను. మూడోదానికి నాన్న అక్కణ్ణించే కేకేశాడు, "ఒరేయ్, నువ్వు చూస్తున్నది గిన్నెమూత!" అని.

అప్పటిదాకా ఛాయలో కూర్చుని చుట్ట కాలుస్తున్నట్టు నటిస్తున్న (ఓడలో కాల్చనివ్వరు, నోట్లో ఊరికే పెట్టుకున్నాడు) మా బాబాయి లేచాడు. నా భుజం పట్టుకుని పక్కకి జరిపి, రెయిలింగు దగ్గర నిలబడి, నాన్న వైపు చూడకుండా చెయ్యి మాత్రం పైకెత్తి ఊపాడు. సిద్ధం అని.

నాన్న ఒక్క క్షణం ఆగాడు. తర్వాత డొక్క వేశాడు.

అయిదుసార్లు వేశారు. బాబాయి చెయ్యి ఒక్కసారి కూడా తడబడలేదు. చిన్నప్పుడు రేవులో వాళ్ళకిదే పనట. ముక్తేశ్వరం నుంచి బయల్దేరిన నావ కోటిపల్లి మెట్లకి తగలడానికి ఎంతసేపు పడుతుందో పందెం. పోటుమీదుందా, ఆటుమీదుందా, తెరచాపకి గాలెటు, సరంగు తాగున్నాడా లేదా, అన్నీ చూసి చెప్పాలి. పందెం జీళ్ళు. ఈ సంగతి నాకు చెప్పింది మా పిన్ని. నాన్న నాకెప్పుడూ చెప్పలేదు.

సగటున 10.7 సెకన్లు. గంటకి 10.9 నాట్లు. ఇరవైనాలుగు గంటలకి 262. కాగితం మీద ఆ అంకె రాసి నాన్న నాకిచ్చాడు. "మీ బాబాయికి చూపించు, ఒప్పుకుంటాడో లేదో." పక్కనే ఉన్నాడాయన. "మీ నాన్నతో చెప్పు, నీటి వాలు కలపలేదని." "వాలెటుందో తెలిస్తే కలుపుదును." "తూర్పుకే అనుకో." "అనుకుంటే ఎలా?" ఈ ఆఖరి రెండు మాటల్లో నేను లేను. ఇద్దరికీ ఆ సంగతి ఒకేసారి తెలిసినట్టుంది. ఎవరి పడకకి వాళ్ళు వెళ్ళిపోయారు.

ఆ రాత్రి బంకుల మధ్య ఇరవైమంది దాకా చేరి మూడో పందెం. మాస్టారు దానికి 'నిజమా కోతా' అని పేరు పెట్టారు. ప్రయాణాల్లో జరిగినదేదైనా ఒకరు చెప్పాలి. నిజమో కోతో మిగతావాళ్ళు చేతులెత్తి తేల్చాలి. మాస్టారు ఒకసారి ఎగిరే చేప తన టీ గ్లాసులో పడిందన్నారు. కోత అన్నాం. కోతే. ఒక కుర్రాడు ఓడలోనే పుట్టానన్నాడు. కోత అన్నాం. నిజమట, వాళ్ళమ్మ పక్కనే ఉంది.

మా నాన్న రంగం సంగతి చెప్పాడు. మా ముత్తాత తమ్ముడొకాయన 1930ల్లో కాకినాడ నుంచి రంగం వెళ్ళాడు. రంగమంటే రంగూన్, ఈ కాలం పిల్లల కోసం చెబుతున్నాను. పెద్ద ఓడలు కాకినాడ ఒడ్డుకి రాలేవు, దూరంగా ఆగేవి, నావల మీద వెళ్ళి ఎక్కాలి. డెక్కు మీదే పడక, డెక్కు మీదే వంట. మావూరి చుట్టుపక్కలవాళ్ళు పదిమంది ఒకచోట కూర్చుని, ముందుగా ఎవరికి వాంతి అవుతుందో వాడు మిగతా తొమ్మిదిమందికీ చుట్టలు కొనాలని పందెం వేసుకున్నారట. రంగంలో దిగేసరికి ఆయన జీతం రాకముందే తొమ్మిది కట్టల బాకీ. మా ఇంట్లో పిల్లలందరికీ ఈ కథ చెప్పి నవ్వించేవాడట ఆయన. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద జపానువాళ్ళ బాంబులు పడ్డాయి. లక్షలమంది మనదేశంవాళ్ళు అడవులూ కొండలూ పడి నడిచి బయల్దేరారు, చాలామంది దారిలోనే పోయారు. ఈయన కొన్ని నెలల తర్వాత ముక్తేశ్వరం చేరాడు. అప్పటికే 1942 ఏప్రిల్ 6న విశాఖ మీదా కాకినాడ మీదా కూడా బాంబులు పడి జనం బెదిరిపోయి ఉన్నారు. వెళ్ళేటప్పటి ఓడ కథ అడిగితే ఎన్నిసార్లయినా చెప్పేవాడట. నడిచొచ్చిన సంగతి అడిగితే తువ్వాలు దులుపుకుని లేచి వెళ్ళిపోయేవాడట. చుట్టల బాకీ ఆ తొమ్మిదిమందిలో ఎందరికి తీర్చగలిగాడో ఎవరికీ తెలీదు.

నిజమా కోతా అని ఎవరూ చెయ్యెత్తలేదు.

కాసేపటికి వాతావరణం తేలిక చెయ్యడానికి కాబోలు, బాబాయి అందుకున్నాడు. 1958 వానాకాలం. తనకి ఆరేళ్ళు, అన్నయ్యకి పదేళ్ళు. నావ కోటిపల్లి రేవుకి చేరుతుండగా అన్నయ్య అంచున నిలబడి మొలలోతు నీళ్ళున్నాయనుకుని దూకాడు. లోతు. మునిగాడు. తను జుట్టు పట్టుకుని లాగాడు.

"కోత" అని నాన్న గట్టిగా అన్నాడు. "పడింది వాడు. లాగింది నేను."

అందరూ నవ్వారు. ఇద్దరూ నవ్వలేదు. ఒకరికొకరు సాక్ష్యాలు చెప్పుకోవడం మొదలెట్టారు, ఎర్ర చొక్కా అనీ, ఎడం చెయ్యనీ, అమ్మ కొట్టిందనీ. పదకొండేళ్ళ మౌనం తర్వాత వాళ్ళ మొదటి సంభాషణ పోట్లాట. మాస్టారు ఓట్లు వేయించారు. తొమ్మిది, తొమ్మిది. నేనూ పిన్నీ ఓటెయ్యలేదు. మాకు ఇళ్ళకెళ్ళాల్సి ఉంది.

మర్నాడు మధ్యాహ్నం ఆఫీసరు గారు చెప్పిన అంకె 267. నా 280 ఎక్కడికో పోయింది. అన్నదమ్ముల 262కి అయిదు మైళ్ళు తేడా. గెలిచింది సోంపేట నుంచి వస్తున్న ఒక మామ్మగారు. 270. ఎలా చెప్పారండీ అంటే, "గుండుగుత్తగా అన్నాను నాయనా" అన్నారు. పెళ్ళికని పట్టుకెళ్తున్న ఆత్రేయపురం పూతరేకుల్లో ఒక పొట్లం ఆవిడకిచ్చుకున్నాం. ఆ అయిదు మైళ్ళూ నీటి వాలే అని బాబాయి, అంగ కొలతలో తేడా అని నాన్న. (బాబాయి అన్నదే నిజమయ్యుండాలి. బెండు నీళ్ళతో పోల్చి వేగం చెబుతుంది, నేలతో పోల్చి కాదు. ఇరవైనాలుగు గంటల్లో అయిదు మైళ్ళంటే గంటకి పావు మైలు కూడా కాదు, అంత వాలు సముద్రంలో మామూలే.)

నాలుగోరోజు తెల్లవారుజామున నేల కనబడింది. ముందుగా చూసినవాళ్ళకి టీ అని పందెం ఉంది గానీ, అందరూ ఒకేసారి అరిచారు.

హేడో రేవులో పెద్దత్త నిలబడుంది. తమ్ముళ్ళిద్దరూ ఒకే మెట్లమీంచి ఒకళ్ళ వెనక ఒకళ్ళు దిగడం చూసి నోట మాట రాలేదావిడకి. సామాన్లైనా దించకముందే నాన్న అడిగాడు, "అక్కా, కోటిపల్లి రేవులో పడిందెవరు?"

పెద్దత్త ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "ఇద్దరూ పడ్డార్రా. సరంగు గెడ అందించి ఇద్దర్నీ లాగాడు. పిల్లల్ని చూసుకోలేదని అమ్మ నన్ను కొట్టింది" అంది. అప్పటికావిడకి పద్నాలుగేళ్ళు.

ఆటోలో బాబాయి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత కిటికీలోంచి చూస్తూ, నాతో కాదు, నాన్నతోనూ కాదు, ఊరికే అన్నాడు: "జుట్టు నా గుప్పిట్లో ఉన్నట్టు ఇప్పటికీ తెలుస్తుంది. ఆ రాయి సంగతీ నాకలాగే గుర్తు."

నాన్న ఊఁ అన్నాడు. అంతే.

ఇక్కడితో కలిసిపోయారని రాస్తే బావుంటుంది గానీ అలా ఏం జరగలేదు. ఊరికొచ్చాక రాయి గొడవ రాయిగానే ఉంది. మారిందల్లా ఒకటే, పందాలకి మాత్రం మాట్లాడుకోవడం మొదలైంది. గోదావరికి వరదొస్తే ధవళేశ్వరం దగ్గర మట్టం ఎన్ని అడుగులవుతుందో పందెం. మొదటి హెచ్చరిక 11.75, రెండోది 13.75, మూడోది 17.75, ఈ అంకెలు మావూళ్ళో చిన్నపిల్లలకీ నోటికొచ్చు. భద్రాచలంలో ఇంత ఉంటే మనకి ఎన్ని గంటలకి ఎంత వస్తుందని ఫోన్లో వాదించుకుంటారు, ఎదురెదురు ఇళ్ళలో కూర్చుని. నన్ను ప్రాక్సీ ఉద్యోగంలోంచి తీసేశారు.

2022 జులైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటింది. 1986లో 35 లక్షలు చూసిన మనుషులు కాబట్టి ఇద్దరూ బెదరలేదు గానీ, లంకలన్నీ మునిగిపోయాయి. నీరు తీశాక వెళ్ళి చూస్తే తోటలో మోకాలెత్తు ఒండ్రు. గట్టు లేదు. రాయి లేదు. ఎవరి రాయి ఎక్కడుందని ఇరవయ్యేళ్ళు కొట్టుకున్నారో ఆ రాయి ఇప్పుడెక్కడో కిందుంది.

ఆ సంక్రాంతికి నేను వెళ్ళినప్పుడు, ఊరంతా కోడిపందాలకి పోతే వీళ్ళిద్దరూ నన్నూ ఒక పలుగూ పారా తీసుకుని లంకకి వచ్చారు. నాన్న ఒకచోట పుల్ల గుచ్చాడు. బాబాయి ఒకచోట గుచ్చాడు. మామూలుగా అయితే వాళ్ళు పోట్లాడుకునే దూరం కన్నా పుల్లలు దగ్గరగానే ఉన్నట్టు నాకనిపించింది. అంగలతో కొలవబోతే నాన్న వద్దన్నాడు. నేను తవ్వాను. కీబోర్డు మీద తప్ప చేతులు ఆడనివాణ్ణి, రెండడుగులకే బొబ్బలెక్కాయి. చీకటి పడింది, రాయి తగల్లేదు.

అప్పట్నించి ప్రతి సంక్రాంతికీ ఒక పూట తవ్వుతాం. కూలిని పెట్టి ఒక్కరోజులో తేల్చెయ్యొచ్చు కదా అంటే ఇద్దరూ నన్ను వెర్రివాణ్ణి చూసినట్టు చూశారు. ఓడలో రాసిన నోటుబుక్కులోనే ఇదీ రాస్తున్నాను. ఎన్ని అడుగుల లోతులో తగులుతుందని మొన్న పండక్కి అడిగితే, నాన్న నాలుగు, బాబాయి నాలుగున్నర. నేను అయిదు.